బర్మింగ్‌హాం లేఖ - తెలుగులో న్యాయమనే మాట

అమెరికా రాజకీయ వచనం చాలవరకు చర్చి వేదికనుండి దిగివచ్చిన వచనం. బానిసత్వాన్ని సమర్థించినవాడూ ఖండించినవాడూ ఆ దేశంలో ఒకే గ్రంథాన్ని తెరచి చూపినారు. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చునా అన్న తగవుమీద బాప్టిస్టులు 1845లో చీలి, దక్షిణాదివారు జార్జియాలోని అగస్టా పట్టణంలో వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆ సంస్థ తన పూర్వుల దోషానికి క్షమాపణ కోరుతూ తీర్మానం చేసినది 1995లో. నడుమ నూటయాభై ఏండ్లు గడచినవి. చీలిక జరిగిన ఆ 1845లోనే ఫ్రెడరిక్ డగ్లస్ తన ఆత్మకథను ప్రకటించి, చివర చేర్చిన అనుబంధంలో క్రీస్తు బోధించిన మతం వేరు, ఈ నేలమీద నడుస్తున్న క్రైస్తవం వేరు అని తేల్చి చెప్పినాడు. మార్టిన్ లూథర్ కింగు 1963 ఏప్రిల్ 16వ తేదీతో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హాం నగర కారాగారంనుండి వ్రాసిన లేఖ ఆ వ్యాజ్యంలో డగ్లస్ పక్షాన దాఖలైన వాదం. దానిని తెలుగు చేయబూనినవానికి ఎదురయ్యే చిక్కులు కొన్ని ఇక్కడ పరిశీలించదలచినాను. అవి పైకి భాషకు సంబంధించిన చిక్కులే.

కింగు అనగానే మనవారికి స్ఫురించేది ఆ సంవత్సరమే ఆగస్టు 28న వాషింగ్టనులో చేసిన స్వప్నోపన్యాసం. అది గొప్ప ఉపన్యాసమే. కాని దాని శ్రోతలు రెండు లక్షలకు పైబడినవారు, దాదాపు అందరూ ఆయన పక్షంవారు. లేఖకు శ్రోతలు ఎనిమిదిమంది, ఎనిమిదిమందీ ఎదుటిపక్షం. వచనానికి కండ పట్టేది ఈ రెండవ చోటనే అని నా అభిప్రాయం. ఊరేగింపులను నిషేధించిన కోర్టు ఉత్తరువును ధిక్కరించి ఆయన ఏప్రిల్ 12న, గుడ్ ఫ్రైడే నాడు, అరెస్టయినాడు. అలబామాకు చెందిన ఎనిమిదిమంది శ్వేతజాతి మతాచార్యులు, వారిలో ఒక యూదు రబ్బీ కూడ, ఒక ప్రకటన చేసినారు: ఈ ప్రదర్శనలు సమయోచితం కావు, బయటివారి ప్రోద్బలం ఉన్నది, తగవులు కోర్టులలో తేల్చుకోవాలి. వీరు జాతిద్వేషులుగా పేరుపడినవారు కారు. కోర్టుతీర్పులను పాటించండని తమ జాతివారికి అంతకుముందే హితవు చెప్పినవారు వీరిలో ఉన్నారు. పెద్దమనుషులు. లేఖకు బలం అందువల్లనే వచ్చినది.

ప్రకటన అచ్చయిన పత్రిక అంచులమీదనే కింగు జవాబు మొదలుపెట్టినాడు. తరువాత దొరికిన చిత్తుకాగితాలు, ఆపైన న్యాయవాదులు అందించిన కాగితాలు. 1964లో తన గ్రంథంలో చేర్చినపుడు దానికి మెరుగుపెట్టినట్లు తానే చెప్పుకున్నాడు. జైలుగదిలో ఆవేశం పొంగి దానంతట అది వెలువడిన రచన అనే గాథను నమ్మి, వాక్యాలను వదులుగా విడిచిపెట్టే అనువాదకుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

లేఖలోని సుప్రసిద్ధమైన వాక్యం ఇంగ్లీషులో మూడువందల మాటలకు పైబడినది. ఇంకా కొంతకాలం ఓపిక పట్టండి అన్న సలహాకు అది సమాధానం. మూకలు చేసే హత్యలు, పోలీసుల దౌష్ట్యం, టెలివిజనులో చూచిన వినోదవనానికి ఎందుకు పోరాదో ఆరేండ్ల కూతురికి చెప్పలేక తండ్రి నాలుక తడబడడం, ఎక్కడా గది దొరకక రాత్రులు కారులోనే ముడుచుకొని పడుకోవడం - ఇవి ఒకదానివెంట ఒకటి వచ్చి చేరుతవి. ప్రధానవాక్యం మాత్రం రాదు. ఇంగ్లీషు పాఠకుడు కర్తనూ క్రియనూ మొదటనే చేజిక్కించుకోవడానికి అలవాటుపడినవాడు. అతనిని అంతసేపు నిలబెట్టడమే కింగు ఉద్దేశం. తరతరాలుగా నిరీక్షించిన జాతివాడు పాఠకునిచేత ఒక్క వాక్యంపాటు నిరీక్షింపజేస్తాడు.

తెలుగులో క్రియ ఎప్పుడూ చివరనే. ఉపవాక్యాలు ముందు నడచి ప్రధానవాక్యం వెనుక రావడం మనకు నిత్యకృత్యం. అందుచేత ఈ వాక్యాన్ని 'చూచినప్పుడు', 'విన్నప్పుడు' అంటూ ఉన్నదున్నట్లు దింపితే వ్యాకరణం సుఖంగా కుదురుతుంది; ఉత్కంఠ ఆవిరౌతుంది. ఇంగ్లీషులో కష్టపడి సాధించినది మనకు ఉచితంగా వచ్చి, ఉచితంగా వచ్చినందువల్లనే విలువ లేకుండ పోతుంది. నాకు తోచిన ఉపాయం క్త్వార్థకాలను ఆశ్రయించడం. 'చూచినప్పుడు' అన్నచోట పాఠకునికి కొంత ఊపిరి తీసుకునే తావున్నది. 'చూచి', 'విని', 'పడి', 'దిగమ్రింగి' అన్నచోట లేదు. పైగా క్త్వార్థకానికి కర్త ఒక్కడే కావాలన్న నియమం ఇక్కడ ప్రతిబంధకం కాకపోగా సాయపడుతుంది. ఆ వాక్యమంతటా కర్త 'మీరు'. ఎనిమిదిమంది ఆచార్యులను ఆ తండ్రి స్థానంలో, ఆ కారులో, ఆ బోర్డులముందు నిలబెట్టి మొదటినుండి చివరిదాక కదలనీయని 'మీరు' అది. నాలుక తడబడిన చోట మాత్రం కర్త మారి నియమం కొంత సడలుతుంది. దానిని దిద్దవలసిన అవసరం లేదు.

ఈ వాక్యంలోనే అనువాదకుడు జారిపడే మరొక చోటున్నది. కూతురి కన్నీరు కనబడగానే మనకు కరుణరసం ఊరుతుంది. 'పసిడి బుగ్గలు', 'ముద్దుమాటలు' కలం చివరకు వస్తవి. కింగు ఆ కన్నీటిని ఒక్క ఉపవాక్యంలో చెప్పి, నిలవకుండ ముందుకు సాగిపోయినాడు. 1852లో గ్రంథరూపం దాల్చిన హేరియట్ బీచర్ స్టో నవల 'అంకుల్ టామ్స్ కేబిన్' అమెరికాను ఏడిపించినది. ఏడ్చినవారు మంచివారైనామని తృప్తిపడి ఊరుకోవచ్చుననే అనుమానంతో జేమ్స్ బాల్డ్విన్ 1949లో ఆ నవలను తీవ్రంగా విమర్శించినాడు. కింగు ఆ వ్యాసాన్ని దృష్టిలో పెట్టుకొన్నాడని నేననను. కాని బాల్డ్విన్ పరీక్షకు ఈ వాక్యం తట్టుకొని నిలుస్తుంది.

ఇక పిలుపుల సంగతి. తన జాతి మగవాడు ఎంత వయసువాడైనా 'కుర్రవాడా' అనిపించుకోవడం, భార్యకు, తల్లికి పేరుముందు గౌరవవాచకం ఎన్నడూ దక్కకపోవడం కింగు చెప్పిన అవమానాలలో ఉన్నవి. ఎందరో అమెరికా పాఠకులకు ఇది సమాచారం. తెలుగు పాఠకునికి సొంత ఊరు. డెబ్బది ఏండ్ల పాలేరును యజమాని మనుమడు 'ఒరే' అని పిలిచిన వీధులు మనవి. అక్కడ 'శ్రీమతి' అని అనువదిస్తే శుభలేఖ భాష అవుతుంది. 'గారు' అనే రెండక్షరాలు దక్కలేదంటే చాలును, అధోజ్ఞాపిక అక్కరలేదు. ఈ బంధుత్వాన్ని కింగు స్వయంగా ఎరుగును. 1959లో భారతదేశానికి వచ్చినపుడు తిరువనంతపురంలో అస్పృశ్యుల పిల్లల పాఠశాలలో తనను అమెరికాకు చెందిన తోటి అస్పృశ్యుడని పరిచయం చేసినారనీ, మొదట నొచ్చుకొని, పిదప నిజమేనని ఒప్పుకున్నాననీ 1965లో ఒక ప్రసంగంలో చెప్పినాడు. తన జాతిని ఆయన 'నీగ్రో' అనే వ్రాసినాడు. ఆనాడది గౌరవపదం, నేడు వినరాని మాట. లేఖకు తేదీ ఉన్నది గనుక మార్చడం నాకు సమ్మతం కాదు.

అన్నిటికంటె బరువైన చిక్కు లేఖ ఆయువుపట్టయిన మాటతోనే. దానికి మన చేతిలో మూడు మాటలున్నవి: ధర్మం, నీతి, న్యాయం. పండితులు ధర్మంవైపు మొగ్గుతారు; గంభీరంగా ఉంటుంది. కాని ధర్మమంటే వర్ణధర్మం కూడ. అది కింగు పక్షం మాట కాజాలదు. వీధి వాకిట 'ధర్మం చేయండి బాబూ' అన్నపుడు అది బిచ్చం. బాకీ వసూలుకు వచ్చినవానిచేత బిచ్చమెత్తించే అనువాదం ఎంత గంభీరమైనా ద్రోహమే. నీతి అంటే చిన్నయసూరి కాలంనుండి మనకు కథ చివర చెప్పేది. తెలుగు బైబిలు అనువాదకులు ఆమోసు ప్రవక్త వాక్యంలో న్యాయాన్నీ నీతినీ జంటగా వాడి, రెండవదానికి కొంత ప్రాణం పోసినారు. కింగుకు అత్యంత ప్రియమైన వాక్యమది. నేను న్యాయాన్నే ఎన్నుకుంటాను. ఆ మాటను కోర్టువారు స్వాధీనం చేసుకున్నారన్న ఆక్షేపణ ఉన్నది: న్యాయస్థానం, న్యాయమూర్తి, న్యాయవాది. అదే దాని లాభం. ఇంగ్లీషులో కోర్టు పేరులో న్యాయం లేదు. తెలుగులో న్యాయస్థానం ఒక మనిషిని న్యాయం అడిగినందుకు జైలుకు పంపినదని చెప్పగానే, మూలంలో వివరించవలసి వచ్చిన వైపరీత్యం పదంలోనే పలుకుతుంది. బాకీగా అడిగే గొంతు మన కవిత్వానికి కొత్తది కాదు; 1941 నాటి జాషువ 'గబ్బిలం'లో శివునికి పంపినది విన్నపం పేరిట ఫిర్యాదే.

'మితవాది' అన్న మాట ఇంకొక రకంగా తిరగబడుతుంది. శ్వేతజాతి మితవాది బాహాటంగా ద్వేషించేవానికంటె పెద్ద అడ్డంకి అని కింగు వాదం. మనకు మితవాది అనగానే గోఖలే, అతివాది అనగానే తిలక్, వెనువెంట 1907 సూరత్ కాంగ్రెసు గుర్తుకు వస్తవి. గోఖలేమీద మనకున్న గౌరవం కింగు కోపానికి అడ్డుపడుతుంది. అయినా ఆ జంటను వదులుకోరాదు. తనను అతివాది అన్నందుకు మొదట నొచ్చుకొని, క్రీస్తు, ఆమోసు, పౌలు, లూథర్, లింకన్ పేర్లు వరుసగా చెప్పి, ఆ నిందనే బిరుదుగా ధరించే చోట మన పాత మాటలే పదునుగా ఉంటవి.

ఈ లేఖలో నాకు లోటుగా కనిపించేది ఒక్కటి. చర్చిని అంతగా తూర్పారబట్టిన తరువాత కూడ ఆయన చర్చినుండే ఆశిస్తాడు. పదునాలుగవ ఏట హార్లెంలో బోధకుడై, తరువాత ఆ వేదిక దిగిపోయిన బాల్డ్విన్ 1963లోనే ప్రకటించిన 'ది ఫైర్ నెక్స్ట్ టైమ్' గ్రంథంలో ఆ ఆశ లేదు. దానిని ప్రక్కన పెట్టుకొని చదివితే కింగు వినయం కొన్నిచోట్ల మోతాదు మించినదనిపిస్తుంది. ఆ సెప్టెంబరు 15న బర్మింగ్‌హాంలో పదహారవ వీథి బాప్టిస్టు చర్చిలో బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించినారు. దోషులలో ఒకనికి 1977లోను, మరి ఇద్దరికి 2001, 2002లలోను శిక్షలు పడినవి.

కోర్టులలో తేల్చుకోండని ఎనిమిదిమంది ఆచార్యులు చెప్పిన సలహా కూడ ఒక కొలిక్కి వచ్చినది. ధిక్కారానికి వేసిన శిక్షను అమెరికా సుప్రీంకోర్టు 1967లో అయిదుగురు నలుగురిగా చీలి ఖాయం చేసినది. కింగు ఆ ఏడు మళ్లీ అలబామాలో జైలుకు పోయి శిక్ష అనుభవించినాడు. 1968 ఏప్రిల్ 4న ఆయన హతుడైనాడు. ఆ ఊరేగింపుమీద ప్రయోగించిన నగరశాసనం రాజ్యాంగవిరుద్ధమని, సహచరుడు షటిల్స్‌వర్త్ దావాలో, ఆ సుప్రీంకోర్టే 1969లో తీర్పు చెప్పినది.