కొండ ఎండకు కళ్లజోడు

అనంతగిరి ఘాట్ ఎక్కుతూ గాలికొండ వ్యూపాయింట్ దగ్గర బండి ఆపితే అక్కడ మొక్కజొన్న పొత్తులు కాలుతుంటాయి, బొంగు చికెన్ ఉడుకుతుంటుంది, ఓ పక్కన తాడుకు నల్లద్దాలు వేలాడుతుంటాయి. కొనేది కిందనుంచి వచ్చినవాళ్లు. ఒకటి రెండు రోజులు తిరిగి, వలిసెపూల మధ్య ఫొటోలు దిగి, వెళ్లిపోయేవాళ్లు. ఏడాది పొడవునా పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ వెలుతురులోనే నిలబడి ఆ అద్దాలు అమ్మే మనిషి కళ్లకు మాత్రం ఏ అడ్డూ ఉండదు. చలువ కళ్లద్దం సోకు వస్తువన్న మాట మన మనసుల్లోంచి పోవాలి. ఈ కొండల్లో అది కత్తీ పారా లాంటి పనిముట్టు.

అరకు చల్లగా ఉంటుంది కదా, ఎండ ఎక్కడిది అంటారు. చలి ఒంటికి తెలుస్తుంది, అతినీలలోహిత (యూవీ) కిరణం తెలియదు. అరకు దారిలోని శిమిలిగూడ రైల్వే స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆ కిరణాల తీవ్రత పది శాతం వరకు పెరుగుతుంది. అంటే ఆకాశం ఒక్కలాగే ఉన్న రోజున విశాఖ వీధిలో చెమట కక్కుతూ నిలబడ్డవాడి కంటే, ఇక్కడ శాలువా కప్పుకుని పశువులు కాస్తున్నవాడి కళ్లకే దెబ్బ ఎక్కువ. మబ్బు పట్టిందని నిశ్చింతగా ఉండడానికీ లేదు. పల్చటి మబ్బులోంచి ఆ కిరణాలు ఎనభై శాతం దాకా దిగిపోతాయి. వంజంగి కొండ మీద మబ్బులు చూడబోయేవాళ్లకూ ఇదే మాట.

ఏళ్ల తరబడి ఇలా పడ్డ ఎండ కంటిలో రెండు చోట్ల బయటపడుతుంది. ఒకటి కండ. ముక్కు వైపునుంచి తెల్లగుడ్డు మీద ఎర్రగా పొరలా లేచి నల్లగుడ్డు మీదికి పాకుతుంది. దుమ్ము, గాలి కూడా దానికి తోడవుతాయి. అది ముక్కు వైపే ఎందుకు ఎక్కువగా వస్తుందో తెలిశాక నాకు కళ్లజోడు ఆకారం మీద పట్టింపు మొదలైంది. కణత పక్కనుంచి వాలుగా వచ్చిన వెలుతురును కంటి ముందరి పారదర్శక పొర భూతద్దంలా పట్టి, అవతల ముక్కు వైపు అంచున పోగుచేస్తుందట. ఎదురుగా మాత్రమే కప్పి పక్కలు వదిలేసే చిన్న అద్దాలు అందుకే సరిపోవు. కణతల దాకా వంగి, ముఖానికి దగ్గరగా కూర్చునే ఫ్రేము కావాలి.

రెండోది శుక్లం. వయసు, చక్కెర జబ్బు, పొగాకు, ఇలా దానికి కారణాలు చాలా ఉన్నాయి. ఎండ కూడా వాటిలో ఒకటని గట్టిగా చెప్పిన అధ్యయనం అమెరికాలోని చెసాపీక్ అఖాతంలో జరిగింది. అక్కడ పీతలు, ఆల్చిప్పలు పట్టి బతికే 838 మందిని హ్యూ టేలర్ బృందం పరీక్షించి, 1988లో ఫలితాలు ప్రకటించింది. జీవితకాలంలో కంటికి తగిలిన యూవీ-బి మోతాదు రెట్టింపైతే ఒక రకం శుక్లం వచ్చే ముప్పు అరవై శాతం పెరిగినట్టు తేలింది. వాళ్లు నీటి మీద, మనవాళ్లు కొండ మీద. ఎండలో గడిపే గంటల్లో మాత్రం తేడా లేదు.

మన ఊళ్లలో నల్లద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి కనిపిస్తే ‘ఆపరేషన్ అయిందా’ అని అడుగుతారు. శుక్లం తీశాక ఆస్పత్రివాళ్లు ఇచ్చే అద్దాలే చాలామంది ఆదివాసీలకు జీవితంలో దక్కే మొదటి చలువ కళ్లజోడు. కంటిలో పుట్టుకతో వచ్చిన కటకం పోయాక ఇస్తున్నాం. నలభై ఏళ్ల ముందే అందాల్సిన వస్తువు అది. ఈ వరుస తిరగబడాలన్నదే నా తపన.

అయితే ఏ నల్లద్దమైనా పనికొస్తుందనుకుంటే అసలుకే మోసం. అద్దం నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది. ఆ అద్దానికి యూవీని ఆపే గుణం లేకపోతే, తెరుచుకున్న పాపలోంచి కిరణాలు మరింతగా లోపలికి పోతాయి. దానికంటే ఏమీ పెట్టుకోకపోవడమే నయం. ‘యూవీ 400’ అని స్టిక్కరు ఎవరైనా అంటించగలరు. నిజం తేల్చాలంటే తెలిసినవాడి చేతిలో పెట్టాలి. కొండ దిగువన ఓ కళ్లద్దాల దుకాణంలో ఆ పరీక్ష చూశాను. ఆయన బల్ల మీద అయిదు వందల నోటు పరిచి, దుకాణం తలుపు ఓరగా మూసి, యూవీ టార్చి వేశాడు. నోటు మీది నంబర్లు వెలిగాయి. టార్చికీ నోటుకీ మధ్య నేను తీసుకెళ్లిన రోడ్డుపక్క అద్దం పెట్టాడు. నంబర్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. దాన్ని తీసి, తెల్లటి ఫైబర్ కటకం ఒకటి పెట్టాడు. కంటికి నీళ్లంత స్పష్టంగా ఉంది, రంగు ఛాయ కూడా లేదు. నంబర్లు చప్పున ఆరిపోయాయి.

“నలుపు వెలుతురుకండి, యూవీకి కాదు” అన్నాడాయన. ఆ కటకం పాలికార్బొనేట్. తెల్లగా ఉన్నా ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, దెబ్బ తగిలినా సులభంగా పగలదు. కాఫీ తోటలకు కావలసింది అచ్చంగా అదే. సిల్వర్ ఓక్ నీడలో నల్లద్దాలు పెట్టుకుంటే కొమ్మా కనపడదు, కాలికింద పామూ కనపడదు. తెల్ల గాగుల్స్ అయితే నీడలో చూపు తగ్గదు, రెమ్మ వచ్చి కంట్లో గుచ్చుకోదు, వరి నూర్చేటప్పుడు ఊక పడదు. ఊకో గడ్డిపరకో గీసుకున్న నల్లగుడ్డు మీద పుండు పడి చూపు పోయినవాళ్లు పల్లెల్లో తక్కువేం కాదు. నల్లరంగు అద్దాలు బయలు పొలానికి, రోడ్డు పనికి, పశువుల వెంట తిరగడానికి ఉంచుకోవచ్చు. వాటికి తోడు అంచు వెడల్పాటి టోపీ. వానకు గిడుగు వేసుకునే అలవాటున్న జనానికి ఎండకు అంచు టోపీ వింతేం కాదు.

అదే దుకాణానికి ఆ పూట ఓ కొండదొర ఆడమనిషి వచ్చింది. కళ్లు మంట, నీరు కారుతోంది అంది. ఆయన టార్చితో చూసి, కండ ఇంకా నల్లగుడ్డు మీదికి రాలేదని చెప్పి, పవర్ చూడడానికి కూర్చోబెట్టాడు. అక్షరాల పట్టిక పక్కన పెట్టేశాడు. మూడు కాళ్ల ‘ఈ’ గుర్తు చూపి, కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమన్నాడు. దూరం చూపు బాగానే ఉంది. దగ్గర చూపుకు అద్దం వేసి, “పిన్నీ, ఏదైనా దగ్గరి పని చేసి చూడు” అన్నాడు. ఆమె కొంగుముడి విప్పి నాలుగు కాఫీ గింజలు తీసింది. అరచేతిలో దొర్లిస్తూ చూసి, ఒక గింజ గోటితో పక్కకు నెట్టింది. “ఇది పురుగు తిన్నాది. రాత్రి నాకు కనబడనేదు” అంది.

ఆమెది చత్వారం. నలభై దాటినవాళ్లందరికీ వచ్చేదే. పండు కాఫీ కాయకూ పచ్చికాయకూ తేడా పోల్చి కోయాలి, గింజలు ఏరాలి, పనంతా దగ్గర చూపు మీదే. అస్సాం టీ తోటల్లో 751 మంది కార్మికులతో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. దగ్గర చూపు అద్దాలు ఇచ్చినవాళ్ల ఆకు కోత, ఇవ్వనివాళ్ల కంటే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. ఎరువూ కాదు, కొత్త యంత్రమూ కాదు, చవక కళ్లజోడు. ఆ అద్దాన్నే పాలికార్బొనేట్‌లో ఇస్తే, దగ్గరి పని చేసేటంతసేపూ చత్వారానికీ ఎండకూ ఒకే జోడు సరిపోతుంది.

మందు మనకు తెలియక కాదు. 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించిన డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు, పెద్ద ఆస్పత్రి ఒక్కటే చాలదని గట్టిగా నమ్మారు. సుమారు యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటర్ ఉండాలి, అక్కడ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే శిక్షణ పొంది చూపు పరీక్షించాలి, అద్దాలు అక్కడే ఇవ్వాలి, పెద్ద జబ్బయితేనే పైకి పంపాలి. ఇదీ ఆయన పద్ధతి. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో వచ్చిన ‘కంటి వెలుగు’ ప్రభుత్వ పథకాలు ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచాయి. మంచి పనే, మెచ్చుకోవాలి. కానీ శిబిరం వెళ్లిపోయాక స్క్రూ ఊడుతుంది. ముక్కు దగ్గరి ప్యాడ్ పోతుంది. కాడ విరుగుతుంది. బాగుచేయించాలంటే ఘాట్ దిగి ఎస్.కోట పోవాలి. ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీ. ఆ జోడు చూరులో పడి ఉంటుంది. శస్త్రచికిత్స చేసే డాక్టరుకు ఇచ్చే గౌరవంలో కొంతైనా, చిన్న స్క్రూడ్రైవరుతో కాడ బిగించి చెవి వెనక సరిచేసే మనిషికి ఇవ్వాలి. ఆయన లేనిచోట పంచిన అద్దాలు ఏడాది తిరక్కుండానే చెత్త.

గిరిజన సహకార సంస్థకు కొండల నిండా డి.ఆర్.డిపోలున్నాయి. సబ్బు, పప్పు, నూనె అక్కడే కొంటారు. పరీక్షించిన గాగుల్స్, అంచు టోపీలు అక్కడే నిత్యావసరాల పక్కన పెట్టి అమ్మలేమా? పాడేరు ఐటీడీఏ మండలానికి ఇద్దరు చదువుకున్న గిరిజన పిల్లలకు చూపు పరీక్ష, అద్దాల పని నేర్పించి, వారపు సంతలో ఒక బల్ల వేయించలేదా? ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో “ఏం కనబడుతోంది” అని అడిగే పిల్ల ఆ బల్ల వెనక కూర్చుంటే జనం మొహమాటపడరు. సంతకు ఎలాగూ వస్తారు కనుక కూలీ పోదు, బస్సు ఛార్జీ ఉండదు. నవంబరులో కాఫీ కోత మొదలవుతుంది. అరకు, డుంబ్రిగుడ సంతల్లో ఈలోగానే ఆ బల్లలు వేసి చూడండి. నోటు మీద టార్చి వేసి చూపించే పరీక్ష కూడా అక్కడే, అందరి ముందూ పెట్టండి.