సదస్సు సూచన, పల్నాటి తరగతి

బ్రిటిష్ కౌన్సిల్, ఇఫ్లూ కలిసి హైదరాబాదులో ఉపాధ్యాయ శిక్షకుల అంతర్జాతీయ సదస్సు జరిపాయి. ఇలాంటి సదస్సుల పత్రాల్లో ‘పిల్లలను జంటలుగా మాట్లాడించండి’ అనే సూచన మీకు తరచు కనిపిస్తుంది. దాన్ని అంగీకరించే ముందు మాచర్ల దగ్గరి ఒక పల్లె బడిని ఊహించుకోండి. ఇంట్లో ఇంగ్లీషు వినపడదు. మిరప కోతల రోజుల్లో జంటకు రెండో పిల్లవాడే ఉండడు!

1979లో బెంగళూరు ప్రాజెక్టు మొదలుపెట్టిన ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారత పాఠశాలల్లోనే పనిచేశారు. రైళ్ల వేళల పట్టికలు, పటాలు ఇచ్చి పిల్లల చేత సమస్యలు తేల్చించారు. జంట పనిని ప్రోత్సహించలేదు. ఉపాధ్యాయుడే తరగతి అంతటితో మాట్లాడాలన్నారు. పల్నాటికి ఇదే దగ్గరి దారి అని మా అభిప్రాయం. అయితే ఫలితాలను పరీక్షించిన బెరెట్టా, డేవీస్ 1985లో ఆచితూచే సమర్థించారన్నది మరవకండి. ఇకపై ఏ సదస్సు పత్రం చదివినా, అందులోని తరగతిలో పిల్లలెందరో ముందు వెతకండి.