మింగలేని గొంతులో గొట్టం

మెలకువగా ఉన్న రోగికి ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబు వేసేటప్పుడు “మింగండి, ఇంకో గుక్క” అంటే సగం పని ఆయనే చేసిపెడతాడు. మత్తులో ఉన్న మనిషి నుంచి ఆ సాయం అందదు. పైగా ఊపిరి కోసం శ్వాసనాళంలో పెట్టిన గొట్టానికుండే గాలిబుడగ అన్నవాహికను ముందునుంచి నొక్కుతుంటుంది. ఒంటి వేడికి మెత్తబడ్డ ట్యూబు స్వరపేటిక పక్క గుంటల్లో తగులుకుని, నోట్లోనే చుట్టలు చుట్టుకుంటుంది.

మత్తు డాక్టరు చేతి నేర్పు అక్కడే చూడాలి. ముక్కు కొన నుంచి చెవి తమ్మెకు, అక్కణ్ణుంచి రొమ్ము ఎముక కింది కొసకు ముందే కొలుచుకుంటారు. జెల్లీ రాసి, ముక్కులో పైకి కాకుండా తిన్నగా వెనక్కి పోనిస్తారు. అడ్డు తగిలితే బలం చూపరు. తల ముందుకు వంచి, మెడను పక్కనుంచి వేళ్లతో నొక్కుతారు. గుంట మూసుకుని దారి దొరుకుతుంది. ట్యూబును ముందే ఫ్రిజ్‌లో పెట్టి బిరుసెక్కించేవాళ్లూ ఉన్నారు, నాకీ చిట్కా మహా ఇష్టం! ఏదీ కుదరకపోతే లారింగోస్కోపుతో చూస్తూ మ్యాగిల్ ఫోర్సెప్స్‌తో అందుకుంటారు. పుర్రె అడుగు ఎముక విరిగిందన్న అనుమానముంటే ముక్కు జోలికే పోరు.

ట్యూబు పొట్టలోకి చేరిందో లేదో తేల్చుకోడానికి అందులోకి గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విని సరేననుకునే అలవాటు ఇంకా పోలేదు. ట్యూబు ఊపిరితిత్తిలో ఉన్నా ఆ చప్పుడు వినిపించవచ్చు. ట్యూబులోంచి లాగిన ద్రవం పీహెచ్ 5.5 దాటకూడదు, లేదా ఎక్స్‌రే తీయాలి. ఆ రుజువు దొరికేదాకా ట్యూబులోకి చుక్క నీరు కూడా వదలని చేతినే నేను మంచి చేయి అంటాను.