తేడా తెలియని చోట అభిమతము: ఒక విమర్శ

వినియోగదారుని అభిమతములను గూర్చి అర్థశాస్త్ర గ్రంథములు ఒక నియమమును దాదాపు స్వతస్సిద్ధముగా స్వీకరించుచున్నవి. కొనువానికి ‘క’యు ‘గ’యు సమానములై, ‘గ’యు ‘చ’యు సమానములైనచో, ‘క’యు ‘చ’యు సమానములే కావలెనట. దీనినే సంక్రమణ గుణమందురు. 1939లో హిక్స్ మహాశయుడు ‘వాల్యూ అండ్ కేపిటల్’లో వాడిన ఉదాసీనతా రేఖలు దీనిపైననే నిలిచినవి. ఆ యేటనే ఆర్మ్‌స్ట్రాంగ్ దీనిని శంకించెను. 1956లో డంకన్ లూస్ ఆ శంకకు చక్కని ఉదాహరణము చూపెను. ఒక బిళ్ల చక్కెర వేసిన కాఫీని ఇష్టపడి, ఐదు బిళ్లలు వేసినదానిని రోయువాడున్నాడనుకొందము. బిళ్లలో నూరవ వంతు చొప్పున హెచ్చించుచు 401 గిన్నెలు పేర్చినచో, ప్రక్కప్రక్కనున్న ఏ రెంటికిని వానికి రుచిభేదము తెలియదు. మొదటిదానికిని చివరిదానికిని మాత్రము చక్కగా తెలియును. (చక్కెరను నూరవ వంతు కొలిచి వేయు ఇల్లాలిని నేనింకను చూడలేదు, అయినను వాదము నిలుచును.)

తేడా తెలియుటకొక హద్దు గలదని లూస్ చేసిన సవరణ సమంజసమే. కాని ఆయన గిన్నెలన్నియు ఒకే బల్లమీద నున్నవి. త్రాగువాడు తలచినపుడు మొదటిదానిని చివరిదానితో సరిచూచుకొనగలడు. ఏటికొకటిగా వచ్చు గిన్నెల మాటయేమి? నా ఆక్షేపణ ఇచ్చటనే. దానినొక ఊరి లెక్కతో చూపెదను.

పావగడ తాలూకాలో రాయచెర్లు, తిరుమణి మున్నగు ఐదు గ్రామములలో 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. రైతులు భూమిని అమ్మలేదు, కౌలుకిచ్చిరి. కౌలు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి ఐదు పెంపు. వేరుశనగ విత్తి వానకై ఎదురుచూచిన మెట్టరైతునకు అది చిన్న మొత్తము కాదు. ధరలు ఏటేట నూటికి ఐదు పెరుగుననుకొందము. ఇది లెక్కకొరకు మాత్రమే. నిరుడు కొన్న బియ్యము, నూనెలతో ఈయేటివానిని పోల్చిన ఇల్లాలికి లోటు స్పష్టముగా తోపదు. పదేండ్లకు కౌలు 26,802 రూపాయలగును. మొదటియేట 21,000కు వచ్చిన సరకులకో, 34,207 కావలెను. అప్పటికి పోల్చి చూచుటకు మొదటి గిన్నె బల్లమీద లేదు!

ఏటేట ఆ ఇంటివారు మిన్నకుండుటను ఉదాసీనతగా వ్రాసికొని, ఆ ఉదాసీనతలను సంక్రమణ గుణముతో ముడివేసి, పదేండ్ల సమ్మతిగా చూపుట శాస్త్రము కాదు. పెంపు చాలునా యని అడుగువారు నిరుటితో గాక మొదటియేటి సరకులతో సరిచూడవలెను. ఒడంబడిక 28 ఏండ్లది.