భోజనాల బల్ల మీది క్రోమోజోములు

జానెట్ రౌలీ గురించి ఎవరు రాసినా భోజనాల బల్ల దగ్గరికి రాకుండా ఉండరు. క్రోమోజోముల ఫోటోలు ఇంటికి తెచ్చుకుని, ఒక్కొక్కటీ కత్తెరతో కత్తిరించి, బల్ల మీద జతలు పేర్చేదట. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారట. ఈ షికాగో శాస్త్రవేత్త కథలో అందరికీ నచ్చే ఘట్టం ఇది. నాకూ నచ్చింది. కానీ నాలుగైదు చోట్ల ఇదే ముచ్చట చదివాక ఎక్కడో ఇబ్బంది మొదలైంది. మగవాడు ఇంట్లో కూర్చుని పరిశోధన చేస్తే దాన్ని తపస్సంటాం. ఆడమనిషి చేస్తే అది ముచ్చటెందుకైంది?

ఆ బల్ల వెనకాల ఉన్నవి చూద్దాం. రౌలీ 1925లో పుట్టింది. షికాగో విశ్వవిద్యాలయ వైద్యవిద్యలో 65 సీట్లుంటే ఆడవాళ్లకి మూడే. అవి నిండిపోయాయి కనక తరవాతి బ్యాచ్ దాకా ఆగాల్సొచ్చింది. 1948లో డిగ్రీ, ఆ మర్నాడే పెళ్లి. నలుగురు కొడుకులు. చాలా ఏళ్లపాటు వారానికి కొద్ది రోజులే ఉద్యోగం. జీవితకథల్లో ఇదంతా ఒక్క పేరాలో గబగబా అయిపోతుంది.

ఇక బల్ల మీద జరిగింది ఆట కాదు. 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ క్రానిక్ మైలాయిడ్ లుకేమియా రోగుల కణాల్లో మరీ పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును గుర్తించారు. దాని ముక్క తెగి పోయిందనే అంతా అనుకున్నారు. పన్నెండేళ్ల తర్వాత, క్రోమోజోముల మీది చారలు కనిపించే కొత్త రంగు పద్ధతులొచ్చాక, రౌలీ ఆ పొట్టి 22వ దాన్ని ఒక్కదాన్నే చూడలేదు, మిగతావన్నీ చూసింది. 9వ క్రోమోజోము ఉండాల్సినదానికన్నా పొడుగ్గా ఉంది. పోయిందనుకున్న ముక్క దాని చివర ఉంది. పోలేదు, చోటు మారింది. 1973లో ఆమె ఒక్కతే రచయితగా ‘నేచర్’లో అచ్చయిన సంగతి ఇది. ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోయి కణాలను ఆగకుండా పెంచే ప్రోటీన్ తయారవుతుందని తర్వాత తేలింది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ 2001లో అమెరికాలో మందుగా వచ్చింది. మా పిన్ని రోజూ అన్నం తిన్నాక వేసుకునే మాత్ర అదే. 2013లో సుప్రీం కోర్టు నోవార్టిస్ పేటెంటు కోరికను తోసిపుచ్చడం వల్ల చవక రకం మన దగ్గర నిలిచింది, పిన్ని కొనుక్కోగలుగుతోంది.

నా పేచీ ఇంకొకటుంది. 1962లో ఆక్స్‌ఫర్డ్ నుంచి తిరిగొచ్చాక రౌలీ తన పాత గురువు లియాన్ జాకబ్‌సన్‌ని అడిగినవి ఒక మైక్రోస్కోపు, ఒక చీకటి గది, పిల్లల్ని చూసుకునే మనిషికి ఇవ్వడానికి సరిపడా జీతం. ఆ మనిషి పేరు నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. స్త్రీవాద దృష్టితో రాసినవాళ్లు కూడా రౌలీ రెండు పనులూ ఎలా నెగ్గుకొచ్చిందో చెప్పి సంతోషించారు తప్ప, ఇటు చూడలేదు. రౌలీ నేర్పిన పద్ధతినే ఇక్కడ వాడాలనిపిస్తుంది. ఒక ఆడమనిషి దగ్గర ఇంటిపని తగ్గినట్టు కనిపిస్తే, అది పోయిందనుకోకూడదు. పక్కన ఎవరి దగ్గర పెరిగిందో వెతకాలి.

వెతికితే నా దగ్గరే దొరికింది. నా సిద్ధాంత గ్రంథం ‘కృతజ్ఞతలు’ పేజీలో గైడు గారికి ఆరు వాక్యాలున్నాయి. లైబ్రరీలకీ, స్నేహితులకీ, మా ఆయన ఓపికకీ చోటు దొరికింది. నేను స్త్రీల ఆత్మకథల్లో శ్రమ గురించి అధ్యాయాలు రాస్తున్న మూడేళ్లూ మా పాపని ఎత్తుకు తిరిగినామె గురించి ఒక్క ముక్క లేదు. మర్చిపోలేదు, ఆ పేజీలో రాయదగ్గ సంగతిగా తోచలేదు. అది మరింత సిగ్గుచేటు.

ఆ గ్రంథం పుస్తకంగా వేస్తే మొదటి పేరు ఆమెదే ఉండాలి. ఇక్కడ మాత్రం రాయడం లేదు. ముందు వెళ్లి, రాయొచ్చా అని ఆమెని అడగాలి.