ఇరవై అయిదు మార్కుల పెత్తనం

కాలేజీల్లో కులం గురించి మాట్లాడేటప్పుడు మనం సీట్ల గురించి మాట్లాడతాం, స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టళ్ల గురించి మాట్లాడతాం. మార్కుల గురించి మాట్లాడం. మార్కులు ఎవరివి వాళ్లు సంపాదించుకునేవని, వాటికి కులం ఉండదని మనవాళ్లు కూడా నమ్ముతారు. ఈ నమ్మకాన్నే ఇప్పుడు పరీక్షకి పెట్టాలి.

తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక చిత్తూరు పల్లెల్లోని వాడల నుంచి మొదటి తరం పిల్లలు డిగ్రీ మెట్లెక్కారు. సైన్సు ప్రాక్టికల్స్ పక్కన పెడితే, చాలాకాలం వాళ్ల సంగతి ఏడాది చివరి పరీక్షలోనే తేలేది. ఆ పద్ధతిలో లోపాలు బోలెడు. గైడు బట్టీ పట్టినోడు గట్టెక్కేవాడు. కానీ ఒక మేలుంది. దిద్దేవాడికి నంబరు కనిపించేది, మనిషి కనిపించేవాడు కాదు.

2015-16లో రాష్ట్రంలో డిగ్రీకి సెమిస్టర్లు, క్రెడిట్ల పద్ధతి వచ్చాయి. వంద మార్కుల పేపర్లో 25 కాలేజీ చేతికి వచ్చాయి. మిడ్ పరీక్ష, అసైన్‌మెంటు, సెమినారు. ఆలోచన మంచిదే. మూడు గంటల్లో మనిషిని తేల్చేయడం కంటే చదువుతున్నప్పుడే చూసి సరిదిద్దడం నయం. అయితే ఈ 25 వేసే చోట నంబరు లేదు, మొహం ఉంది. మొహం వెనక ఊరుంది. మన పల్లెల పేర్ల చివర ‘ఏఏడబ్ల్యూ’ అని ఉంటే అది ఆది ఆంధ్రవాడ అని అటెండరు నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు.

నేను పాఠం చెప్పిన ఒక కాలేజీలో ఒక అబ్బాయి వచ్చి అడిగినాడు. “సార్, నాకు పదకొండే ఎందుకేసినారు? తప్పేందో చెప్తే దిద్దుకుంటా గదా.” వేసిన లెక్చరర్‌ని అడిగితే చూపించడానికి కాగితం లేదు. “క్లాసులో నోరు తెరవడు” అన్నాడు. కోపంగా వచ్చి నా రిజిస్టరు తీసి చూసుకున్నా. నేను సెమినారు కింద వేసిన మంచి మార్కులన్నీ ఇంగ్లీషులో లేచి మాట్లాడే నలుగురైదుగురికే పోయినాయి. నేనూ వాడ నుంచి వచ్చినవాణ్ణే. ఇది ఒక చెడ్డ మాస్టారి కథ కాదని ఆ రోజు తెలిసింది.

పెద్ద చదువుల్లోనూ ఇదే తంతు. ఢిల్లీ ఎయిమ్స్ మీద సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్‌లో, వైవాలో తమకు న్యాయం జరగలేదని దళిత, ఆదివాసీ విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ కమిటీకి చెప్పుకున్నారు. మన దగ్గర 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మీడియంలోకి మారింది. టెన్త్ దాకా తెలుగులో చదివిన అమ్మాయికి మనం వేస్తున్నది తెలిసినదానికి మార్కులా, ఇంగ్లీషుకి మార్కులా?

1927లో బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ పరీక్ష వేరు, చదువు వేరు అని వాదించారు. ప్రమాణాలు పెంచుతామనే పేరుతో పరీక్షలు కఠినం చేస్తే వెనకబడిన కులాలకు విశ్వవిద్యాలయం తలుపులు మూసినట్టే అన్నారు. ఇవాళ కాలేజీ తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల మార్కుల కాడ మూస్తున్నారు.

అయితే ఇంటర్నల్స్ ఎత్తేయమందామా? కొందరు మిత్రులు అదే అంటున్నారు. నేను ఒప్పుకోను. ఎత్తేస్తే మళ్లీ గైడుదే రాజ్యం. దేనికెన్ని మార్కులో ముందే చెప్పాలి. మిడ్ పేపరు మీద పేరు బదులు నంబరు ఉండాలి. దిద్దిన పేపరు, తప్పేందో రెండు ముక్కలు రాసి, వారంలో చేతికివ్వాలి. సరిదిద్దుకుని మళ్లీ రాసే అవకాశమివ్వాలి. సెమినారుకి ఇద్దరు మార్కులేయాలి, తెలుగులో చెప్పినా వినాలి.

అంత తీరికెక్కడిదంటారు. గంటల లెక్కన కూలిచ్చే గెస్ట్ లెక్చరర్ల మీద కాలేజీ నడిపితే తీరిక ఉండదు నిజమే. అందుకే ఖాళీ పోస్టుల పోరాటం, మార్కుల పోరాటం వేరువేరు కాదు. స్కాలర్‌షిప్ కోసం కలెక్టరాఫీసు ముందు కూర్చునే మన విద్యార్థి సంఘాలు, దిద్దిన పేపరు కోసం ప్రిన్సిపాల్ గది ముందు కూడా కూర్చోవాలి. “నాకు పదకొండే ఎందుకు?” అనే ప్రశ్నకు కాగితం మీద జవాబు రావాలి. ఆ జవాబు ఇవ్వలేని మాస్టారికి, నాతో సహా, మార్కులేసే హక్కు లేదు.