నెరవేరిన నిబంధన, రద్దుకాని నిబంధన: కతోలిక సిద్ధాంతంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

క్రైస్తవ మతంపై ముస్లింలు చేసే విమర్శల్లో ఒక మాట తరచుగా వినిపిస్తూ ఉంటుంది. క్రైస్తవులు పాత నిబంధనను మన్సూఖ్ చేసి, దాని స్థానంలో కొత్త నిబంధనను నిలుపుకున్నారన్నదే ఆ మాట. దీనిని ఆధారం చేసుకొని, దేవుడు తన వాగ్దానాన్ని తానే భంగపరుస్తాడా అని నిలదీస్తారు. ప్రశ్న పదునైనదే. కాని కతోలికులకు సంబంధించినంతవరకు అది గురి తప్పిన ప్రశ్న. కతోలిక శ్రీసభ నేడు బోధిస్తున్నది రద్దును కాదు, నెరవేర్పును. ఒక వర్గంపై ఉన్న ద్వేషం న్యాయం తప్పేలా చేయరాదని దివ్య ఖుర్‌ఆన్ (5:8) ఆదేశించింది. ఎదుటివారు అనని మాటను వారికి అంటగట్టి ఖండించడం ఆ ఆదేశానికి విరుద్ధం. కనుక ముందు వారు చెప్పేదేమిటో తెలుసుకొని, ఆ తర్వాతనే దాని బలాబలాలను తూచడం ధర్మం.

చిక్కు అనువాదంలోనే మొదలవుతుంది. హీబ్రూ గ్రంథాల్లోని మూలపదం 'బెరీత్'. ప్రమాణపూర్వకంగా ఏర్పడే బంధమని దాని భావం. క్రీస్తుకు పూర్వమే యూదులు తమ గ్రంథాలను గ్రీకులోకి మార్చినప్పుడు దీనికి 'దియాథీకీ' అనే మాట వాడారు. ఆనాటి గ్రీకు వ్యవహారంలో ఆ మాటకు వీలునామా అన్నదే వాడుక అర్థం. లాటిన్‌లో అది 'తెస్తామెంతుమ్' అయింది. హెబ్రీయులకు రాసిన లేఖ తొమ్మిదవ అధ్యాయం ఈ రెండర్థాలనూ కలిపి వాదిస్తుంది. వీలునామా రాసినవాడు మరణించనిదే అది అమలులోకి రాదు గనుక క్రీస్తు మరణం అవసరమైందని ఆ వాదం. హీబ్రూ మాటను మాత్రమే పట్టుకుంటే ఈ వాదానికి చోటుండదు. ఇక తెలుగు బైబిలులోని 'నిబంధన' అనే మాట వినగానే సామాన్య పాఠకునికి స్ఫురించేది షరతు. ఉర్దూ బైబిలు 'అహ్ద్‌నామా' అన్నది. అది ఖుర్‌ఆన్‌లోని 'అహ్ద్', 'మీసాఖ్' అనే పదాలకు దగ్గరగా ఉంది. ఈ విధంగా ఒకే భావానికి ప్రమాణం, వీలునామా, షరతు అనే మూడు అర్థాలు తగులుకున్నాయి. ఏ అర్థంలో మాట్లాడుతున్నదీ ముందుగా తేల్చుకోకపోతే వాదం పెరుగుతుందే గాని తెగదు.

కతోలిక బోధలో నిబంధనలు ఒక వరుసలో వస్తాయి. జలప్రళయం తర్వాత నూహ్ (అ)తో జరిగినది సమస్త జీవరాశికీ వర్తిస్తుంది. దానికి ఇంద్రధనుస్సు గుర్తు. ఇబ్రాహీం (అ)తో జరిగినదానికి సున్తీ గుర్తు. సీనాయి కొండవద్ద మూసా (అ) ద్వారా ఇస్రాయీల్ సంతతితో జరిగిన నిబంధనకు ధర్మశాస్త్రం ఆధారం. దావూద్ (అ)కు ఆయన సింహాసనం నిలిచి ఉంటుందన్న వాగ్దానం లభించింది. యిర్మీయా గ్రంథం 31వ అధ్యాయం హృదయాలపై రాయబడే కొత్త నిబంధనను ప్రస్తావిస్తుంది. చివరి రాత్రి భోజనంలో ఈసా (అ) పాత్రను చేతబట్టి, ఆ కొత్త నిబంధన తన రక్తంతో ఏర్పడుతున్నదని చెప్పినట్లు లూకా సువార్త పేర్కొంటుంది. మూసా (అ) ప్రజలపై బలిపశువు రక్తం చల్లిన ఘట్టం నిర్గమకాండం 24వ అధ్యాయంలో ఉంది. కతోలికులు ఈ రెండింటినీ జోడించి అర్థం చేసుకుంటారు. ప్రతి దివ్యబలిపూజలోనూ గురువు ఆ పాత్రను గురించిన మాటలను తిరిగి పలుకుతాడు. ముందటివన్నీ విత్తులు, ఇది పంట అన్నది వారి అవగాహన. పంట చేతికొచ్చినంత మాత్రాన విత్తు అబద్ధమైపోదు కదా!

అయితే శ్రీసభ అన్ని కాలాల్లోనూ ఇదే స్వరంతో మాట్లాడలేదు. 1442లో ఫ్లోరెన్సు మహాసభ కోప్టు క్రైస్తవులతో ఐక్యత సందర్భంగా ఒక శాసనం వెలువరించింది. మూసా ధర్మశాస్త్రంలోని సున్తీ, సబ్బాతు, బలుల వంటి ఆచారాలు క్రీస్తు రాకతో ముగిశాయనీ, సువార్త ప్రచారమైన తర్వాత కూడా వాటిని పాటించేవారు శాశ్వత రక్షణను పోగొట్టుకుంటారనీ అది ప్రకటించింది. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ 'నోస్త్రా ఐతాతే' ప్రకటనను వెలువరించింది. పౌలు రోమీయులకు రాసిన లేఖను ఆధారం చేసుకొని, దేవుడు యూదులకిచ్చిన వరాలను వెనక్కు తీసుకోడని అది అన్నది. 1980 నవంబరు 17న జర్మనీలోని మైంజ్ నగరంలో యూదు ప్రతినిధులతో మాట్లాడుతూ పోపు రెండవ జాన్ పాల్, దేవుడు పాత నిబంధనను ఎన్నడూ రద్దుచేయలేదన్నారు. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం 121వ పేరాలో అదే భావం చోటుచేసుకుంది.

2015 డిసెంబరు 10న, యూదులతో మత సంబంధాల వాటికన్ కమిషను మరొక పత్రం ప్రచురించింది. అది సిద్ధాంత శాసనం కాదని ఆ పత్రమే స్పష్టం చేసింది. యూదులను ఉద్దేశించి శ్రీసభ ప్రత్యేక వ్యవస్థాగత మతప్రచారాన్ని నడపదు, బలపరచదు అని అందులో ఉంది. రక్షణకు రెండు దారులు లేవు, క్రీస్తు ఒక్కడే సర్వులకూ రక్షకుడు అని కూడా అందులోనే ఉంది. క్రీస్తును బాహాటంగా అంగీకరించని యూదులకు రక్షణలో భాగం ఎలా లభిస్తుందంటే, అది అంతుపట్టని దైవమర్మమని సమాధానం.

ఫ్లోరెన్సు శాసనానికీ మైంజ్ ప్రసంగానికీ మధ్య పూర్తి వైరుధ్యం ఉందని తొందరపడి తీర్పుచెప్పడం సరికాదు. 13వ శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ మూసా ధర్మశాస్త్రాన్ని నైతిక, ఆరాధనా, న్యాయ విధులని మూడుగా విభజించాడు. మొదటిది నిలుస్తుందనీ, తక్కిన రెండూ తమ పని ముగించాయనీ అతని అభిప్రాయం. నస్ఖ్ ఆదేశాలకే గాని విశ్వాసాంశాలకు వర్తించదన్న ఉసూల్ సూత్రం ఎరిగినవారికి ఈ విభజన వింతగా తోచదు.

అసలు ఇబ్బంది మరొకచోట ఉంది. సీనాయి నిబంధనలో బంధాన్నీ ధర్మశాస్త్రాన్నీ విడదీయడం కష్టం. ఆచారాలు ముగిసి నిబంధన మాత్రమే మిగిలిందంటే, మిగిలినదేమిటి? ఈ ప్రశ్న బయటివారు పుట్టించినది కాదు. అమెరికా బిషప్పులు 2006లో వయోజనుల కోసం ప్రచురించిన సత్యోపదేశ గ్రంథంలో, మూసా ద్వారా యూదులతో జరిగిన నిబంధన వారికి శాశ్వతంగా చెల్లుతుందన్న వాక్యం ఉండేది. 2008లో బిషప్పులే ఓటువేసి దానిని మార్చారు; 2009లో వాటికన్ ఆ మార్పును ఆమోదించింది. పదవి విడిచిన పోపు పదహారవ బెనెడిక్టు 2018లో 'కమ్యూనియో' పత్రికలో వెలువడిన వ్యాసంలో, రద్దుకాని నిబంధన అన్న సూత్రం ఉపయోగపడినదే అయినా, విషయాన్ని పూర్తిగా వివరించడానికి అది చాలదన్నారు. దేవుని వైపు నుంచి విశ్వసనీయత ఉన్నా, మానవుని వైపు నుంచి నిబంధన భంగమవుతూనే వచ్చిందని ఆయన గుర్తుచేశారు.

ముస్లిం విమర్శకుడు నిజంగా అడగవలసిన ప్రశ్నలు ఇక్కడి నుంచి మొదలవుతాయి. ఆదికాండం 17వ అధ్యాయం ప్రకారం ఇబ్రాహీం (అ)కు 99వ ఏట, ఇస్మాయీల్ (అ)కు 13వ ఏట ఒకే రోజున సున్తీ జరిగింది. అప్పటికి ఇస్‌హాఖ్ (అ) పుట్టనేలేదు. అయినా అదే అధ్యాయం, ఇస్మాయీల్‌కు ఆశీర్వాదం ఇచ్చి, నిబంధన మాత్రం ఇస్‌హాఖ్‌తోనే అంటుంది. గుర్తు ధరించిన కుమారుడు బంధానికి వెలుపల ఉండిపోయాడు. 'నోస్త్రా ఐతాతే' మూడవ భాగం ముస్లింలను గౌరవంతోనే పేర్కొన్నది; ఇబ్రాహీంతో తమ విశ్వాసాన్ని జోడించుకొనేవారన్నది. కాని నిబంధన అనే మాట యూదుల గురించిన నాలుగవ భాగంలో ఉన్నదే గాని, మూడవ భాగంలో లేదు.

ఇంతకూ నిబంధనకు అర్హత వంశమా, విశ్వాసమా? ఇబ్రాహీం సున్తీకి ముందే విశ్వాసంవల్ల నీతిమంతుడయ్యాడని రోమీయుల లేఖ నాలుగవ అధ్యాయం వాదిస్తుంది. పదకొండవ అధ్యాయం ఒక జాతి పట్ల తిరుగులేని పిలుపును గురించి చెబుతుంది. కతోలిక సిద్ధాంతం ఈ రెండింటినీ పట్టుకొని నిలబడాలని ప్రయత్నిస్తున్నది. ఖుర్‌ఆన్ (2:124) ఒకే కొలబద్దను ఇచ్చింది: ఇబ్రాహీం (అ) తన సంతతి విషయం అడిగినప్పుడు, దుర్మార్గులకు ఆ వాగ్దానం వర్తించదని అల్లాహ్ తెలియజేశాడు. ఏ శాఖనూ పుట్టుకవల్ల చేర్చలేదు, పుట్టుకవల్ల తొలగించలేదు.

ఇంతకంటే లోతైన భేదం మరొకటుంది. కతోలిక విశ్వాసంలో నిబంధన ఒక వ్యక్తిలోనూ, ఆయన రక్తంలోనూ నెరవేరుతుంది. ఖుర్‌ఆన్ (33:7) ప్రకారం ఈసా (అ) స్వయంగా మీసాఖ్ ఇచ్చిన ప్రవక్తలలో ఒకరు. నిబంధనను పాలించినవారే గాని, తామే నిబంధన అయినవారు కారు. బలిపశువు మాంసం, రక్తం అల్లాహ్‌ను చేరవు, దైవభీతి మాత్రమే చేరుతుందని మరొక ఆయత్ (22:37) బోధిస్తున్నది. వివాదమంతా నిజానికి ఇక్కడ ఉంది, రద్దు అన్న మాటలో లేదు.

కనుక తెలుగులో ఈ విషయంపై రాసేవారు 'రద్దు', 'మన్సూఖ్' అన్న మాటలను కతోలికుల నోట పెట్టడం మానుకోవాలి. వారు చెప్పే నెరవేర్పునే ప్రశ్నించాలి. ఆ ప్రశ్నించేటప్పుడు మరొకటి మరువరాదు. దుర్మార్గులకు వాగ్దానం వర్తించదన్న మాట ఇబ్రాహీం (అ) సంతతి గురించే వచ్చింది. ముస్లిం ఇంట పుట్టినందువల్ల అహ్ద్ తమదేననుకొనేవారికి కూడా అందులో మినహాయింపు లేదు.